లేవగానే తన్నే అలవాటు

నా దయ్యంతో నేను తలపడిన మొదటి రాత్రి మూడు రౌండ్లూ నేనే గెలిచాను. సంబరపడాల్సిన చోట సిగ్గేసి కంట్రోలరు పక్కన పెట్టేశాను. తెరమీద నాకు ఎదురుగా నిలబడింది మరెవరో కాదు, నా ఆటను చూసి చూసి కంప్యూటర్ తయారుచేసిన నా నకలు. కింద పడితే లేస్తూనే కాలు విసురుతుంది. వరసగా రెండు దెబ్బలు తగిలితే కంగారుపడి, మూడో దెబ్బకు అడ్డం పెట్టుకోకుండా ఎదురు గుద్దబోతుంది. దాన్ని ఓడించడానికి నాకు పెద్ద తెలివి అవసరం కాలేదు. అది పడగానే రెండడుగులు వెనక్కి వేసి, ఆ కాలు గాల్లో తిరిగి కిందకు దిగేదాకా ఆగి, కొట్టడమే. అప్పటికి రెండు నెలలుగా ముక్కూ మొహం తెలియని వాళ్లందరూ నన్ను సరిగ్గా అలాగే కొడుతున్నారని అప్పుడు తెలిసింది.

ఆట పేరు టెక్కెన్. జపాన్ భాషలో ఇనుప పిడికిలి అని అర్థం. తుపాకులు, బాంబులు ఏమీ ఉండవు. ఇద్దరు మనుషులు, నాలుగు బటన్లు. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, ఎడమ కాలు, కుడి కాలు. ఒక్కో రౌండుకు అరవై సెకన్లు, మూడు రౌండ్లు ముందు గెలిచినవాళ్లది ఆట. నాకు దీనితో పరిచయం 1999 వేసవి సెలవుల్లో తెనాలిలో మొదలైంది. మా వెనక వీధిలో ఒక వీడియో గేముల షాపు ఉండేది. మూడు టీవీలు, మూడు ప్లేస్టేషన్లు, గోడకు వేలాడే ఒక గడియారం, గంటకు పది రూపాయలు. ఆ షాపులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. అన్నయ్య తోడుంటేనే అమ్మ పంపేది, అందుకని అన్నయ్య జేబు ఖర్చు కూడా నేనే పెట్టుకునేదాన్ని.

అక్కడ ఆడింది టెక్కెన్ 3. అందులో ఎడ్డీ గోర్డో అనే బ్రెజిల్ వాడు ఉంటాడు, కపోయిరా పద్ధతిలో పోరాడతాడు. చేతులు నేలమీద ఆనించి, కాళ్లు గాల్లో తిప్పుతూ, నాట్యమా యుద్ధమా తెలియనట్టు. కాళ్ల బటన్లు రెండూ ఇష్టం వచ్చినట్టు నొక్కితే చాలు, వాడు తనంతట తాను గిరగిరా తిరుగుతూ ఎదుటివాణ్ని ఊడ్చేస్తాడు. నేను ఎడ్డీని తీసుకున్నానంటే షాపులో మగపిల్లలందరూ గోల పెట్టేవాళ్లు. చివరికి "ఎడ్డీని తీసుకోవడం నిషేధం" అని ఎవరో గోడమీద చాక్‌పీసుతో రాశారు. రాసింది అన్నయ్యే అని నాకు ఇప్పటికీ అనుమానం. ఆ రాత పుణ్యమా అని పాతికేళ్లపాటు నేను టెక్కెన్ బాగా ఆడతాననే భ్రమలో బతికాను.

2024 జనవరి 26న టెక్కెన్ 8 విడుదలైంది. అక్క కొడుకు అప్పటికి మా ఇంట్లోనే ఉండి హైదరాబాదులో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. వాడి ప్లేస్టేషన్ మా హాల్లోకి చేరి, టీవీని ఆక్రమించి, మావారిని వార్తల కోసం ఫోనుకు పరిమితం చేసింది. ఒక ఆదివారం వాడి పక్కన కూర్చుని, ఒక ఆట ఆడదాం రా అన్నాను. ముప్పై రెండు మంది పోరాటగాళ్లున్న తెరలో ఎడ్డీ కోసం వెతికాను. లేడు. సరే అని చేతికందినవాణ్ని తీసుకున్నాను. పదిహేను ఆటలు ఆడి పదిహేనూ ఓడిపోయాను. వాడు మర్యాదస్తుడు, చివరి మూడింటిలో ఒక చేత్తో మరమరాలు తింటూ ఆడాడు.

"పిన్నీ, నువ్వు బటన్లు నొక్కుతున్నావు, ఆడడం లేదు" అన్నాడు. ముప్పై ఏడేళ్ల బ్యాంకు ఉద్యోగినిని, రోజుకు పది మందికి ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పేదాన్ని. ఆ మాట గుచ్చుకుంది. ఆ రాత్రే నిర్ణయించుకున్నాను, భోజనాలయ్యాక రోజూ ముప్పావుగంట.

మొదటి తప్పు ఘనమైనది. వీడియోల్లో నిపుణులు కజుయా అనే పాత్రతో మెరుపు గుద్దు ఒకటి కొడుతుంటారు. పిడికిలి చుట్టూ మెరుపు, ఎదుటివాడు గాల్లోకి. దాన్ని కొట్టాలంటే ముందుకు నొక్కి, వదిలి, కిందకు నొక్కి, కింద నుంచి ముందు మూలకు జరిగే క్షణంలోనే కుడి చెయ్యి బటన్ పడాలి. ఆ క్షణం అంటే కవిత్వం కాదు, ఆటలో తెరమీద సెకనుకు అరవై బొమ్మలు, అంటే అరవై ఫ్రేములు మారతాయి, అందులో సరిగ్గా ఒక్క ఫ్రేము. ఒకటి దాటితే మామూలు గుద్దు వస్తుంది, మెరుపు రాదు. రెండు వారాలు సాధన గదిలో కదలకుండా నిలబడ్డ బొమ్మను ఆ గుద్దు ఒక్కటే కొట్టాను. ఎడమ బొటనవేలు చివర కాయ కాసింది. పదికి ఏడు వచ్చే స్థితికి చేరాక ఆన్‌లైన్ పోటీలోకి దిగాను. నిలబడ్డ బొమ్మ తిరిగి కొట్టదు కదా. మనిషి కొడతాడు. మొదటి వారం ముప్పై ఆటల్లో నా మెరుపు రెండుసార్లు మెరిసింది, అందులో ఒకటి గాలికి.

మావాడే, అంటే అక్క కొడుకే, విసుగెత్తి పాల్ అనే పాత్రను చేతికిచ్చాడు. పాల్ మొదటి టెక్కెన్ నుంచీ ఉన్న పాత కాపు. పాత ఆటల్లో జుట్టు నిట్టనిలువుగా నిలబెట్టుకుని, ఎర్రచొక్కాలో, ఒకే ఒక పెద్ద గుద్దు మీద జీవితం గడిపేసినవాడు. నాకు సరిపోయే మనిషే. పాల్ ఆయుధాల్లో ఐదు మాత్రమే వాడాలని మావాడు షరతు పెట్టాడు: వేగంగా పడే చిన్న గుద్దు, నడుము మీద పడే ఒక దెబ్బ, కాళ్ల మీద ఒకటి, గాల్లోకి లేపేది ఒకటి, ఆ పెద్ద గుద్దు. మిగతా పేజీలకు పేజీల జాబితా చూడవద్దన్నాడు. ఐదింటితోనూ ఓడిపోయాను, అయితే ఎందుకు ఓడిపోతున్నానో తక్కువ గందరగోళంగా కనిపించడం మొదలైంది.

ఇక్కడ ఒక ముక్క వివరం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. టెక్కెన్‌లో దెబ్బలు మూడు ఎత్తుల్లో వస్తాయి. తల ఎత్తున, నడుము ఎత్తున, కాళ్ల దగ్గర. నిలబడి వెనక్కి నొక్కితే తల, నడుము దెబ్బలు ఆగుతాయి, కాళ్ల దెబ్బ తగులుతుంది. కూర్చుంటే కాళ్ల దెబ్బ ఆగుతుంది, తల దెబ్బ పైనుంచి పోతుంది, నడుము దెబ్బ మాత్రం నెత్తిన పడుతుంది. అంటే ప్రతి క్షణం నిలబడాలా కూర్చోవాలా అనే ఒక పందెం. నేను ఈ పందెంలో ఏ పక్షమూ తీసుకోకుండా, దెబ్బ వస్తోందంటే తిరిగి దెబ్బ వేసేదాన్ని. ఎడ్డీ నేర్పిన సంస్కారం.

దయ్యం సంగతికి వస్తాను. టెక్కెన్ 8లో మన ఆట తీరును నేర్చుకుని దాన్ని అనుకరించే ఘోస్ట్ ఒకటి తయారవుతుంది, దానితో మనమే పోటీ పడవచ్చు. మార్చి చివర్లో మావాడు ఆ పోటీ తెరిచి, "నీతో నువ్వు ఆడుకో పిన్నీ, నేను చదువుకోవాలి" అని లోపలికి పోయాడు. ఆ రాత్రి జరిగింది మొదట్లోనే చెప్పాను. మరునాడు ఓడిపోయిన పాత ఆటలు తెరిచి చూశాను. ఈ ఆటలో రీప్లే నడుస్తుండగానే ఇక్కడ తిరిగి కొట్టే అవకాశం వచ్చింది, ఇక్కడ పట్టు విడిపించుకోవచ్చు అని సూచనలు వస్తాయి. కావాలంటే ఆ క్షణం దగ్గర ఆపి కంట్రోలరు మనమే తీసుకుని మళ్లీ ఆడవచ్చు. నోటు పుస్తకం తెచ్చుకుని లెక్క రాశాను. బ్యాంకు అలవాటు. ఐదు ఆటల్లో నేను కింద పడింది ఇరవై మూడుసార్లు. లేస్తూ కాలు విసిరింది పందొమ్మిది. ఆ కాలు ఎదుటివాడికి తగిలింది రెండు. మిగతా పదిహేడుసార్లు ఏమయిందో వేరే గడి గీసి రాయలేదు, రాయనక్కరలేదు.

కింద పడ్డాక చేయగలిగినవి చాలా ఉన్నాయి. అలాగే పడుకుని ఉండవచ్చు, పక్కకు దొర్లవచ్చు, వెనక్కి దొర్లవచ్చు, ఊరికే లేచి గార్డు పట్టవచ్చు, అంటే దెబ్బకు అడ్డం పెట్టుకోవచ్చు. నాకు ఇవన్నీ తెలుసు, కాగితం మీద. చెయ్యి మాత్రం వినదు. పడ్డానన్న అవమానం కాలి బటన్ మీదికి నేరుగా పోతుంది, మధ్యలో బుర్ర దగ్గర ఆగదు. అందుకని ఒక వారం ఒక నియమం పెట్టుకున్నాను. పడినప్పుడు కుడిచేతి బొటనవేలు బటన్ల మీదినుంచి పూర్తిగా ఎత్తేయాలి. గాల్లోకి. మావారు ఒక రాత్రి వచ్చి చూసి, వేలికి దెబ్బ తగిలిందా అని అడిగారు.

ఆ వారం ఆడిన ఆటల్లో గెలిచినవి చాలా తక్కువ. అయితే ఒక వింత జరిగింది. నేను లేవగానే తన్నకపోయేసరికి, నా తన్ను కోసం కాచుకుని ఉన్నవాళ్లు తెల్లబోయి ఏం చేయాలో తోచక ఒక గుద్దు ముందే వేసేవాళ్లు. దాన్ని నేను నిలబడి ఆపుకునేదాన్ని. ఎదుటివాళ్లకూ అలవాట్లు ఉంటాయని నాకు అప్పటిదాకా తట్టలేదు. నా అరుపుల మధ్య వాళ్లది నాకు వినబడలేదన్నమాట.

గార్డు గురించి మావాడు చెప్పిన సూత్రం మింగుడు పడడానికి నెల పట్టింది. "మామూలుగా నిలబడే ఉండు. కాళ్ల మీద పడే చిన్న దెబ్బలు తిను." తినడమా? అవును, తినడమే. ఎందుకంటే కాళ్ల దెబ్బల్లో ఎక్కువవాటికి పోయే ప్రాణం కొద్దిగానే ఉంటుంది. వాటికి భయపడి కూర్చుంటే నడుము ఎత్తున వచ్చే దెబ్బ మనల్ని గాల్లోకి లేపి, కిందపడేలోపు మూడో వంతు ప్రాణం తీస్తుంది. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే చిన్న బాకీలు వదులుకుని పెద్ద బాకీ మునగకుండా చూసుకోవడం. ఈ పోలిక తోచిన రోజు నుంచి కాళ్ల దెబ్బలకు కోపం రావడం తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను.

ఆ తర్వాత ఫ్రేముల లెక్క. వేగంగా పడే చిన్న గుద్దు చాలామంది పాత్రలకు పది ఫ్రేముల్లో తగులుతుంది, అంటే సెకనులో ఆరో వంతు. ఎదుటివాడు ఒక పెద్ద దెబ్బ వేసి, నేను దాన్ని ఆపితే, వాడు మళ్లీ కదలడానికి కొన్ని ఫ్రేములు పడుతుంది. నాకంటే పది ఫ్రేములో అంతకంటే ఎక్కువో వెనకబడ్డాడంటే నా చిన్న గుద్దు తప్పకుండా తగలాల్సిందే, వాడు ఏం నొక్కినా ఆగదు. అది నా హక్కు, వడ్డీలాంటిది. నేను నెలల తరబడి ఈ వడ్డీ వసూలు చేయలేదు. దెబ్బ ఆపగలిగానన్న ఆనందంలో ఒక నిమిషం ఊపిరి పీల్చుకునేదాన్ని, ఆ లోపు వాడు మళ్లీ మొదలుపెట్టేవాడు. సాధన గదిలో బొమ్మ చేత ఒకే దెబ్బ వేయించి, ఆపి, వెంటనే రెండు గుద్దులు. రోజుకు యాభైసార్లు. కజుయా మెరుపుకు పట్టిన రెండు వారాలు దీని మీద పెట్టి ఉంటే బాగుండేదని అప్పుడు తిట్టుకున్నాను.

ఇక కింగ్ గురించి. జాగ్వార్ ముసుగు వేసుకున్న మల్లయోధుడు. గుద్దడం తక్కువ, పట్టుకుని విసరడం ఎక్కువ. వాడు పట్టుకున్నాక విడిపించుకోవడానికి అర సెకనులోపే సమయం ఉంటుంది. ఆ లోపు వాడి ఏ చెయ్యి ముందుకు వచ్చిందో చూసి, ఎడమ చెయ్యి అయితే ఎడమ గుద్దు బటన్, కుడి అయితే కుడి, రెండు చేతులూ వస్తే రెండూ. చెప్పడానికి ఇంతే. చూడబోతే నా మనిషి తెరకు కుడివైపు ఉన్నప్పుడు ఎడమ ఏదో కుడి ఏదో నాకు తికమక. వాడి ఎడమా, నా ఎడమా, టీవీ ఎడమా? ఒక రాత్రి మావాణ్ని హాలు మధ్య నిలబెట్టి, ఎడమ చెయ్యి చాపు, కుడి చెయ్యి చాపు, ఇటు తిరిగి చాపు అంటూ చుట్టూ తిరిగి చూశాను. వాడు కిక్కురుమనకుండా చాపాడు. కింగ్ పట్లు నాకు ఇప్పటికీ సగమే విడతాయి. మిగతా సగానికి ఒక దొంగ ఉపాయం ఉంది. నిలబడి వేసే పట్లు తల ఎత్తునే వస్తాయి కాబట్టి, పట్టు వస్తుందనిపించినప్పుడు కూర్చుంటే చేతులు గాలిని కౌగిలించుకుంటాయి. చూడముచ్చటగా ఉంటుంది.

ఏప్రిల్‌లో ఎడ్డీ వచ్చాడు, విడిగా డబ్బు కట్టి కొనుక్కునే పాత్రగా. విడుదలైన వారంలోనే కొన్నాను. ఒక సాయంత్రమంతా కాళ్ల బటన్లు వాయించాను. పన్నెండేళ్ల వయసు తిరిగి వస్తుందనుకున్నాను గానీ ఓటములు మాత్రమే వచ్చాయి. పాతికేళ్లలో ఎడ్డీ మారాడు, ఎదుటివాళ్లు ఇంకా ఎక్కువ మారారు. నిలబడి ఓపిగ్గా ఆపుకుని, ఆ గిరగిరలు ఆగిన చోట ఒక గుద్దు. నేను నేర్చుకుంటున్నదే నా మీద ప్రయోగించారు. మర్నాడు పాల్ దగ్గరికి తిరిగి వచ్చాను. పాపం, ఏమీ అడగలేదు.

సాధన ఎక్కడ చేస్తే మంచిదని మావాడితో వాదన ఉండేది. వాడు ఆన్‌లైన్ అనేవాడు. నేను లాహోరు కుర్రాడు అర్స్‌లాన్ ఆష్ కథ చెప్పేదాన్ని. ఇవో అనేది పోరాట ఆటల పెద్ద పోటీ. 2019లో ఒకే ఏడాది ఇవో జపాన్, లాస్ వేగాస్ ఇవో రెండూ గెలిచి టెక్కెన్ 7 ప్రపంచాన్ని నిర్ఘాంతపరిచాడు. అప్పటిదాకా ఈ ఆటకు కొరియా, జపాన్ పెట్టని కోటలు. అంతటి ఆట ఎక్కడిదంటే, తమ పాకిస్తాన్‌లో ఇంకా గట్టివాళ్లున్నారని చెప్పాడు. పక్కపక్కన కూర్చుని ఒకరినొకరు రోజూ ఓడించుకుంటూ తయారైనవాళ్లు. మా తెనాలి షాపులోనూ అదే చేశాం గానీ, గంట అయిపోగానే లేచిపోయాం. ఈ వాదన నెగ్గి, శనివారం రాత్రుళ్లు మావాడితో వరసగా పది ఆటల ఒప్పందం కుదుర్చుకున్నాను. బదులుగా ఆదివారం వాడి బట్టలు ఇస్త్రీ. ఎవరికి లాభమో ఇప్పటికీ తేలలేదు.

జులైలో ఒక రాత్రి జరిగిన సంగతి మాత్రం వివరంగా చెప్పుకోవాలని ఉంది. ఎదుటివాడు తీసుకున్న పాత్ర బ్రయాన్. ఈ బ్రయాన్‌కు ఒక పేరుమోసిన కాళ్ల దెబ్బ ఉంది. ఒంటిని వంచి, నెమ్మదిగా తిరిగి, నేలను రాసుకుంటూ కాలితో ఊడ్చేస్తాడు. తగిలితే కుప్పకూలిపోతాం. నెమ్మదిగా అంటున్నాను గానీ మొత్తం దాదాపు అర సెకను. అప్పటికి దాన్ని వందసార్లు తిని ఉంటాను. ఆ రాత్రి మూడో రౌండు, నా ప్రాణం అంగుళం మిగిలి ఉంది. వాడి భుజం కొద్దిగా కిందికి దిగడం కనిపించింది. ఆలోచించలేదు. చూస్తే నా పాల్ కూర్చుని ఉన్నాడు, వాడి కాలు నా చేతికి తగిలి ఆగిపోయింది, వాడు తూలుతూ నిలబడి ఉన్నాడు. ఎంతసేపు నిలబడ్డాడో! అంత తీరిక నాకు ఆ ఆటలో ఎప్పుడూ దొరకలేదు. లేస్తూ గడ్డం కింద ఒక గుద్దు, గాల్లోకి లేచాడు, రెండు చిన్నవి, ఆపైన పాల్ జీవితమంతా నమ్ముకున్న ఆ పెద్ద గుద్దు. తెర కుదుపుతో ఆగింది. నేను వేసిన కేకకు మావాడు పుస్తకంతో సహా పరుగెత్తుకొచ్చాడు. అప్పటికి రౌండు మాత్రమే గెలిచాను. ఆట ఓడిపోయాను, ఆ విషయం వాడికి చెప్పలేదు.

ర్యాంకుల సంగతి రెండు మాటలు. వారియర్ అనే మెట్టు దగ్గర మూడు నెలలు వేలాడాను. ఏడాది చివరికి డిస్ట్రాయర్ దాకా వెళ్లాను. పైన ఇంకా గర్యూ, షిన్ర్యూ, తెన్ర్యూ అనే మెట్లు, ఆ పైన ఫుజిన్, రైజిన్. వాయుదేవుడు, ఉరుముల దేవుడు. దేవుళ్ల దాకా వెళ్లే ఉద్దేశం లేదు, పొద్దున్నే బ్యాంకు ఉంది. ఇంకొక ఫిర్యాదు కూడా ఉంది. ఈ కొత్త ఆటలో హీట్ అని రౌండుకు ఒకసారి వాడే ఊపు ఒకటి పెట్టారు. ఆ ఊపులో ఉన్నవాడి దెబ్బలు గార్డు మీద పడినా కొంత ప్రాణం పోతుంది. ఇంత కష్టపడి ఆపుకోవడం నేర్చుకున్నాక ఆపుకున్నందుకు కూడా పన్ను వేయడం ఏం న్యాయం?

సంక్రాంతికి అన్నయ్య వదినతో సహా వచ్చాడు. నలభై ఒకటి నిండాయి, కొద్దిగా పొట్ట వచ్చింది. హాల్లో కంట్రోలరు చూసి కళ్లు మెరిశాయి. కూర్చుని, జాబితాలో చూసి, నా వైపు ఒక చూపు విసిరి, ఎడ్డీని తీసుకున్నాడు. పాతికేళ్ల పగ మరి. కాళ్ల బటన్లు వాయించాడు, అచ్చం తెనాలిలో నేను వాయించినట్టే. నేను నిలబడి, ఆపుకుని, ఎడ్డీ తిరగడం ఆగినప్పుడల్లా ఒక గుద్దు వేశాను. పది ఆటలు. "నువ్వు అసలు ఆడడం లేదేమిటే, ఊరికే నిలబడుతున్నావు" అని విసుక్కున్నాడు. ఎప్పుడు మళ్లీ దెబ్బ వేస్తాడో తెలిసిపోతూంటే నాకు నవ్వు ఆగలేదు.

మర్నాడు పొద్దున్న నేను వంటింట్లో అరిసెల పిండి చూసుకుంటుంటే హాల్లోంచి మళ్లీ బటన్ల చప్పుడు. మావాడు అన్నయ్యకు నా దయ్యాన్ని పరిచయం చేశాడట. అరగంట నిశ్శబ్దం. తర్వాత అన్నయ్య గొంతు, ఉత్సాహంగా, ఇల్లంతా వినబడేలా:

"ఒరే, పట్టుకున్నాను! ప్రాణం కొంచెమే మిగిలినప్పుడు పడేసి చూడు. లేవగానే తంతుంది!"